సగోత్రం పనికిరాదు

పెళ్ళి సంబంధాలు కుదర్చడంలో తలపండినవాళ్ళు మన వూళ్ళలో చాలామంది వున్నారు. రెండు జాతకాలు ముందు పడేస్తే చాలు, గోత్రం, నక్షత్రం, గణం అన్నీ చూసి "ఫరవాలేదు, కానివ్వండి" అనో, "అబ్బే, కుదరదు" అనో చెప్పెయ్యగలరు. అటువంటి పండితులు కూడా నా దగ్గరికి వచ్చే జాతకాలు చూస్తే పంచాంగం మూసేసి లేచిపోతారు. నేను కుదిర్చేవి చేపల సంబంధాలు. అందులోనూ సముద్రపు చేపలవి. అందులోనూ ఒకదాన్ని చూస్తే ఒకదానికి ఒళ్ళు మండే దుడుకు చేపలవి. పెళ్ళిలో ఇద్దరికి కుదిరితే చాలును. ఇక్కడ అయిదారుగురిని ఒకే గదిలో పెట్టి, తలుపు గడియ వేసి, పదిహేనేళ్ళు కలిసి కాపురం చెయ్యమనాలి. అలిగితే పుట్టింటికి పోయే దారి కూడా లేదు.

నేను జంతుశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. విశాఖపట్నంలో కాపురం. పద్నాలుగేళ్ళుగా మా వీధిగదిలో ఆరడుగుల గాజుతొట్టె ఒకటి వుంది. అందులో వుప్పునీళ్ళూ, రాళ్ళూ, నాలుగు చేపలూ. ఈ సంగతి మెల్లిగా నలుగురికీ పాకింది. ముప్ఫయి మూడేళ్ళు నేను పాఠం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూసినవాళ్ళు కూడా ఇప్పుడు కాగితం, కలం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంటున్నారు.

కిందటి వేసవిలో మా అల్లుడుగారికి కూడా ఈ సరదా పుట్టింది. ఆయన ఇంజనీరు. ఏది చేసినా కొలతలు వేసి చేసే మనిషి. ఈ వూళ్ళోనే కొత్తగా కట్టుకున్న ఇంట్లో, హాలు గోడ పొడుగునా ఎనిమిదడుగుల తొట్టె కట్టించాలని నిశ్చయించారు. వెడల్పు రెండున్నర, ఎత్తు రెండున్నర.

"చిన్న చిన్న చేపలు నాకు నచ్చవు, మామయ్యగారూ. పెద్దవి కావాలి. మనం వాటిని చూడడం కాదు, అవి మనల్ని చూడాలి" అన్నారు.

ఆ మాట నాకూ నచ్చింది. నిజానికి ఈ దుడుకు చేపలకు వున్న తెలివి సాధు చేపలకు లేదు. మేత వేసే మనిషిని అవి గుర్తుపడతాయి. గదిలో పదిమంది వున్నా ఆ మనిషి వెంటే అద్దం పొడుగునా ఈదుకుంటూ వస్తాయి. మేత ఆలస్యమయితే నీళ్ళపైకి వచ్చి మూతితో చిమ్మి మొహం తడిపేవి కూడా వున్నాయి. ఇటువంటి చేపను పెంచిన వాడికి ఇక మామూలు చేపలు గోడమీది కాలెండరు బొమ్మల్లాగే కనిపిస్తాయి.

అల్లుడుగారు ఫోను తీసి జాబితా చదివారు. ఎనిమిది పేర్లు. క్లౌన్ ట్రిగ్గరు, అన్‌డ్యులేటెడ్ ట్రిగ్గరు, లయన్ ఫిష్, పాంథర్ గ్రూపరు, ఎంపరర్ ఏంజెలు, సోహాల్ టాంగు, పోర్క్యుపైన్ పఫరు, స్నోఫ్లేక్ మోరే. "ఇవి కాక నీలం డేమ్సెల్ చేపలు ఒక డజను, అలంకారానికి" అన్నారు.

"అల్లుడుగారూ, ఆ డజనూ అలంకారానికి కాదు, అల్పాహారానికి" అన్నాను.

ఆయన నవ్వారు. మా అమ్మాయి మటుకు నవ్వలేదు. "నాన్నా, ఈ జాబితా సంగతి తేలేదాకా ఆయన నిద్రపోరు, నన్ను పోనివ్వరు. కూర్చుని తేల్చండి" అంది. అంచేత ఆ పూట కాఫీలు తాగుతూ కూర్చున్నాం. మా మనమరాలు కూడా వచ్చి నా కుర్చీ చేతిమీద కూర్చుంది. దానికి తొమ్మిదేళ్ళు.

ముందుగా ఇంటి సంగతి. ఎనిమిదడుగులు, రెండున్నర, రెండున్నర: గుణిస్తే యాభై ఘనపుటడుగులు. ఇంచుమించు 1,400 లీటర్లు. సముద్రపు నీరు మంచినీటికన్న బరువు గనుక నీళ్ళే 1,430 కిలోల పైమాట. రాళ్ళూ, అద్దాలూ, కింది బల్లా వేరు. అందుకని తొట్టె కింది అంతస్తులోనే వుండాలి. ఈ మాట ఇంజనీరుకు చెప్పనక్కరలేకపోయింది. లీటరుకు 35 గ్రాముల చొప్పున వుప్పు కావాలి. అంటే మొదటిసారికే 49 కిలోలు. వుప్పంటే వంటింటి వుప్పు కాదు. సముద్రంలో వుండే కాల్షియం, మెగ్నీషియం వగైరాలన్నీ లెక్కప్రకారం కలిపి అమ్మే వుప్పు.

"ఎదురుగా సముద్రం పెట్టుకుని వుప్పు కొనడమా?" అని మా ఆవిడ ఆశ్చర్యపడింది. ఒడ్డున నీళ్ళు మనం అనుకున్నంత నిలకడైనవి కావు. వానాకాలంలో నదులు వచ్చి కలిసి, బంగాళాఖాతంలో ఒడ్డు నీటి వుప్పదనం పడిపోతుంది. వూరి మురుగు సంగతి సరేసరి. లోతు నీళ్ళలో పగడపు దిబ్బల మధ్య పుట్టిన చేపకు ఏడాది పొడుగునా ఒకే వుప్పు కావాలి, ఇంచుమించు ఒకే వేడి కావాలి. 25, 26 డిగ్రీలు దానికి హాయి. మన మే నెలలో దానికి చల్లదనం చేసే యంత్రం కూడా పెట్టాలి.

ఇక జాతకాలు.

మొదటి సూత్రం, సగోత్రం పనికిరాదు. ఇది నేను కల్పించింది కాదు. కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా దేశపు జంతుశాస్త్రజ్ఞుడు 1963లో జంతువుల కలహ స్వభావం మీద ఒక పుస్తకం రాశాడు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం మొదలయ్యేదే పగడపు దిబ్బల చేపలతో. గోడమీద అంటించిన ప్రకటనల్లా కళ్ళు చెదిరే రంగులున్న చేపలు ఇతర జాతుల జోలికి అంతగా పోక, తమ జాతి చేపనే వెంటాడి వెంటాడి తరుముతాయని ఆయన తొట్టెల్లోనూ, సముద్రంలోనూ చూశాడు. కారణం ఆలోచిస్తే తేలికే. నా తిండి తినేవాడు, నా కన్నంలో దూరేవాడు, నా జతను కోరేవాడు నాకు శత్రువు. పరాయి జాతివాడికి వీటిలో ఏదీ అక్కరలేదు. మన పల్లెటూళ్ళలో గట్టు తగాదాలు ఎవరి మధ్య వస్తాయో మీకు తెలియనిది కాదు. పక్క వూరివాడితో రావు. దాయాదితో వస్తాయి.

"అంటే సాధువుల్ని వెతకడం కాదన్నమాట" అన్నారు అల్లుడుగారు.

"సాధువులు మీకు అక్కరలేదన్నారుగా. దుడుకువాళ్ళనే తెచ్చుకోండి. కాని ఒకడు కోరింది మరొకడు కోరకుండా చూసుకోండి. మొత్తం విద్య అంతా ఇంతే."

ఈ సూత్రం ప్రకారం ఇద్దరు ట్రిగ్గర్లలో ఒకరే వుండాలి. ట్రిగ్గరు అనే పేరు ఎల్లా వచ్చిందో చెబితే మనమరాలికి సరదా వేసింది. దాని వీపుమీద ఒక గట్టి ముల్లు వుంటుంది. ప్రమాదం వస్తే రాతి సందులో దూరి ఆ ముల్లు నిలబెడుతుంది. దాని వెనక వున్న రెండో చిన్న ముల్లు గడియలా పడుతుంది. ఇక ఆ చేపను ఎవరూ బయటికి లాగలేరు. ఆ చిన్న ముల్లును వెనక్కి నొక్కితేనే పెద్దది వాలుతుంది, తుపాకి మీట నొక్కినట్లు. పళ్ళా, గుల్లల్నీ పీతల్నీ కొరికి పొడిచేసే పళ్ళు. తొట్టెలో రాళ్ళు తన యిష్టప్రకారం సర్దుకుంటుంది. నీళ్ళ గొట్టాలు కొరుకుతుంది. వేడిచేసే పరికరం తీగకూడా దానికి లోకువే.

అందులోనూ తరతమాలున్నాయి. అన్‌డ్యులేటెడ్ ట్రిగ్గరు ఆకుపచ్చ ఒంటిమీద నారింజ గీతలతో చూడ ముచ్చటగా వుంటుంది కాని, ఒంటరిగా వుండదలచుకున్న చేప. దానికి తొట్టె అంతా తనదే. క్లౌన్ ట్రిగ్గరు చిన్నప్పుడు నిక్షేపంలా కలిసి వుంటుంది. యాభై సెంటీమీటర్లదాకా పెరిగే చేప అది. పెరిగినకొద్దీ ఏదో ఒకనాడు హఠాత్తుగా తొట్టెలో అందరిమీదా విరుచుకు పడవచ్చును. వీటికి బదులు నైజర్ ట్రిగ్గరు చూడమన్నాను. నీలి రంగు, చంద్రవంకలాంటి తోక, ఎర్రని పళ్ళు. సముద్రంలో గుంపులుగా పైనీళ్ళలో తేలివచ్చే సూక్ష్మజీవుల్ని తింటూ బతుకుతుంది. రాళ్ళ అడుగున గుల్లలకోసం కాట్లాడే జాతి కాదు. ట్రిగ్గర్లలో దీని గణం దేవగణమనే చెప్పాలి. అయినా ట్రిగ్గరు ట్రిగ్గరే.

రెండో సూత్రం, నోరు కొలవాలి. చేపల లోకంలో కోపంవల్ల పోయే ప్రాణాలకన్న ఆకలివల్ల పోయేవి ఎక్కువ. లయన్ ఫిష్‌కు ఎవరిమీదా పగ లేదు. విసనకర్రల్లాంటి రెక్కలు విప్పుకుని మెల్లిగా, పెద్ద జమీందారులా తిరుగుతుంది. దాని నోట్లో పట్టే చేప ఎదురయితే మటుకు రెప్పపాటులో అది వుండదు. నోట్లో పట్టనివాడితో దానికి ఏ తగాదా లేదు. అయితే దానికి వేరే కష్టం వుంది. వేలాడే ఆ రెక్కల కొసలు ట్రిగ్గరుకూ, పఫరుకూ కొరుక్కు తినే జంతికల్లా కనిపిస్తాయి. వీపు ముళ్ళలో విషం వుందిగదా అంటే, ఆ ముళ్ళు మీదపడే శత్రువుకోసం, తోక కొస కొరికిపోయే ఆకతాయికోసం కాదు. మనిషి చేతికి గుచ్చుకుంటే మటుకు నొప్పి భరించడం కష్టం; ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి పెట్టి వెంటనే వైద్యుడి దగ్గరికి పోవాలి. తొమ్మిదేళ్ళ పిల్ల వున్న ఇల్లు. ట్రిగ్గరు కావాలా, లయన్ ఫిష్ కావాలా తేల్చుకోమన్నాను. అల్లుడుగారు ఒక నిమిషం ఆలోచించి లయన్ ఫిష్ పేరు కొట్టేశారు.

తరువాత పాంథర్ గ్రూపరు వచ్చింది. అది మా మనమరాలు కోరిన చేప. అంగడిలో మూడంగుళాల పిల్ల. తెల్లని ఒంటిమీద గుండ్రని నల్ల చుక్కలు. తల కిందికి వంచుకుని, గౌను వేసుకున్న చిన్నపిల్లలాగ వయ్యారంగా వూగుతూ ఈదుతుంది. అంగడికి వెళ్ళిన పిల్లలెవరూ దాన్ని చూడకుండా ముందుకు పోలేరు. నేను లేచి గుమ్మం పక్క గోడమీద సుద్దముక్కతో ఒక గీత గీసి, అక్కడనుంచి డెబ్బయి సెంటీమీటర్లు కొలిచి మరో గీత గీశాను. "పెద్దదయితే ఇంత అవగలదమ్మా" అన్నాను. పిల్ల ఆ గీతల మధ్య చేతులు చాచి చూసుకుంది. చాలలేదు.

"అప్పుడు పెద్ద తొట్టె కొందాం, తాతయ్యా."

"దాంతోపాటు ఇల్లు కూడా కొనాలి."

"పోనీ పెద్దదయ్యాక బీచికి తీసుకెళ్ళి వదిలేద్దాం. సముద్రం దాని ఇల్లేగా?"

ఈ ప్రశ్న చిన్నపిల్ల అడిగిందని నవ్వకండి. పెద్దవాళ్ళు అడగకుండా చేసేసే పనే అది. దాని ఫలితం కూడా లోకం చూస్తూనే వుంది. లయన్ ఫిష్ పుట్టినిల్లు హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రం. అట్లాంటిక్‌లో అది ఏనాడూ లేదు. 1985లో అమెరికాలోని ఫ్లారిడా తీరంలో మొదటిసారి కనిపించింది. తొట్టెల్లో పెంచేవాళ్ళు వదిలిపెట్టినవేనని శాస్త్రజ్ఞుల నమ్మకం. ఇప్పుడు కరీబియన్ సముద్రమంతా అదే. ఆ నీళ్ళలోని చిన్న చేపలకు దాన్ని చూసి పారిపోవాలని తెలియదు. తాతముత్తాతలెవరూ చూసి వుండలేదు మరి. 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బహామా దీవుల దగ్గర లయన్ ఫిష్ వున్న చిన్న దిబ్బలమీద అయిదు వారాల్లో కొత్తగా చేరే పిల్లచేపలు సగటున 79 శాతం తగ్గిపోయాయని తేలింది. ఒక తొట్టె యజమాని దయతలచి చేసిన పని అంత దూరం వెళ్ళింది.

మన తీరంలో వదిలినా, ఏ దేశపు నీళ్ళలో పట్టిందో, ఏ తొట్టెలో ఏ జబ్బు అంటించుకుందో తెలియని చేప అది. అంచేత తొట్టెలోకి వచ్చిన చేప తిరిగి సముద్రానికి పోగూడదు. పిల్లకు అర్థమయ్యేటట్లు చెప్పాను. అది కాసేపు గీతలకేసి చూసి, "పెద్దదవడం దాని తప్పు కాదుగా, తాతయ్యా" అంది. కాదన్నాను. "మరయితే దాన్ని తెచ్చుకోకుండా వుండడమే మంచిది" అని తండ్రి ఫోను అందుకుని తనే ఆ పేరు తీసేసింది. అంగళ్ళలో మనం కొనేది పిల్లను కాదు, రేపటి పెద్దను. ఈ ముక్క మా పిల్ల ఒక పూటలో పట్టుకుంది. నా దగ్గరికి వచ్చే పెద్దమనుషులకు నాలుగుసార్లు చెప్పవలసి వస్తోంది.

ఎనిమిదిలో నాలుగు మిగిలాయి. ఏంజెలు, టాంగు, పఫరు, మోరే. వీటితో నైజర్ ట్రిగ్గరు కలిస్తే అయిదు.

ఎంపరర్ ఏంజెలు విషయంలో ఒక విశేషం వుంది. పిల్లగా వున్నప్పుడు ముదురు నీలంమీద తెల్లని చుట్లు చుట్లుగా గీతలు. పెద్దదయితే పసుపుపచ్చ, నీలం అడ్డచారలు. రెండింటికీ పోలికే లేదు. పూర్వం శాస్త్రజ్ఞులు పిల్లను వేరే జాతి అనుకుని వేరే పేరు కూడా పెట్టారు. ఇంత మారువేషం దేనికంటే, పెద్ద చేప తన దాయాదిని గుర్తుపట్టి తరమకుండా వుండడానికే అని చాలామంది అభిప్రాయం. సగోత్రం సూత్రం ప్రకృతికి కూడా తెలుసునన్నమాట. ఒక తొట్టెకు పెద్ద ఏంజెలు ఒక్కటే. నలభై సెంటీమీటర్లదాకా పెరుగుతుంది. దానికి నాచూ, సముద్రపు స్పంజీ కలిసిన మేత కావాలి.

టాంగు అంటే సర్జన్ చేప. తోక మొదట రెండు పక్కలా కత్తి వుంటుంది. సోహాల్ టాంగు ఎర్రసముద్రపు చేప. నాచు పట్టిన తన చెక్క చుట్టూ కాపలా తిరుగుతూ, వచ్చినవాణ్ణి కత్తితో కోస్తుంది. ఏంజెలు కూడా నాచు మేసేదే గనుక ఇద్దరికీ గట్టు తగాదా రాక మానదు. దానికి బదులు నాసో టాంగు పెట్టమన్నాను. అదీ పెద్దదే, అదీ కత్తిగలదే. కాని ఒక చెక్కకు కట్టుబడి కూర్చోదు. తొట్టె పొడుగునా ఈదుతూనే వుంటుంది. ఎనిమిదడుగుల పొడుగు దానికోసమే అనుకోండి. ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులు రోజూ ఇస్తే దానికి ఇంకొకరి వాటా అక్కరలేదు.

పోర్క్యుపైన్ పఫరు అంటే మన ఏదుపంది లాంటి చేప. భయపడితే నీళ్ళు మింగి బంతిలా ఉబ్బుతుంది, ఒంటినిండా ముళ్ళు నిక్కుతాయి. సరదాకి దాన్ని ఉబ్బించగూడదు; నీళ్ళలోంచి పైకి అసలే తియ్యగూడదు, గాలి మింగితే బయటికి పోదు. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే వుంటాయి గనుక పెంకుతోవున్న రొయ్యలు, పీతలు, గుల్లలు ఇచ్చి అరిగేటట్లు చూడాలి. దాని కళ్ళు చూస్తే మా ఆవిడకు కూడా జాలి పుట్టింది. "ఇది ఏదో అడుగుతున్నట్లు చూస్తుంది" అంది. అడుగుతూనే వుంటుంది, మేత.

స్నోఫ్లేక్ మోరే మన మలుగుపాముకు దూరపు చుట్టం అనుకోవచ్చును. మోరేలలో చాలా జాతులు చేపల్ని పట్టి తినేవే. దీనికి మటుకు పళ్ళు మొద్దువి. దీని తిండి పీతలు, రొయ్యలు. పెద్ద చేపల జోలికి పోదు. మోరేల గొంతులో రెండో దవడల జత వుందనీ, అవి ముందుకు వచ్చి ఆహారాన్ని పట్టి లోపలికి లాక్కుపోతాయనీ 2007లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. 2021లో మరో సంగతి బయటపడింది. ఈ స్నోఫ్లేక్ మోరే నీళ్ళు వదిలి నేలమీదికి వచ్చి, అక్కడే పట్టినదాన్ని అక్కడే మింగగలదట. ఈ సంగతి చెప్పి, తొట్టెకు వేలు దూరే సందు కూడా లేకుండా మూత వేయించమన్నాను. రాత్రివేళ హాల్లో మోరే ఎదురయితే మా అమ్మాయి తొట్టెనూ, భర్తనూ కలిపి నా ఇంటికి పంపిస్తుంది.

ఇప్పుడు చూడండి. మోరేకు రాతి కన్నం కావాలి, నాసోకు మధ్య నీళ్ళు కావాలి. ట్రిగ్గరు పైపైన తిరుగుతుంది, ఏంజెలు రాళ్ళ ముఖాలమీద మేస్తుంది, పఫరుకు మనిషి మొహం చూస్తే చాలును. అయిదుగురూ దుడుకువాళ్ళే. ఎవరి కోరిక వారిది. అయినా కన్నాలు మటుకు చేపలకన్న ఎక్కువ వుండాలి.

రాళ్ళంటే జ్ఞాపకం వచ్చింది. అల్లుడుగారు పగడాలు కూడా పెడదామన్నారు. ఏంజెలూ ట్రిగ్గరూ వున్నచోట పగడం మిగలదు. ఆ మాట అల్లా వుంచి, దిబ్బలు కట్టే పగడాలను 2001లోనే మన వన్యప్రాణి రక్షణ చట్టం కింద చేర్చారు. అందుకని కాల్చిన మట్టితో చేసిన రాళ్ళే మేలు.

మూడో సూత్రం, రాకడ వరస. ఉమ్మడి కుటుంబంలో ముందు వచ్చిన కోడలికి ఇంట్లో మూలమూలా తెలుసు, తాళాలగుత్తి ఆమె దగ్గరే. చేపలకూ అంతే. ముందు దిగినవాడికి తొట్టె అంతా సొంతం. అంచేత నెమ్మదివాణ్ణి ముందు దింపి, గడుసువాణ్ణి ఆఖరున దింపాలి. మా లెక్క ప్రకారం మోరే, పఫరు, నాసో, ఏంజెలు, ట్రిగ్గరు. కొత్తవాడు వచ్చే రోజున రాళ్ళు కొంచెం అటూ యిటూ మార్చి సర్దితే పాతవాళ్ళకు కూడా అది కొత్త యిల్లవుతుంది. పట్టాలు చెల్లవు. కొత్తవాణ్ణి మొదట కొద్దిరోజులు కన్నాలున్న అడ్డుపలక వెనక వుంచితే, ఒకరినొకరు చూసుకుని పళ్ళు కొరుక్కోవడం అయిపోతుంది.

అంతకు ముందు ప్రతి చేపనూ వేరే తొట్టెలో కనీసం నాలుగు వారాలు వుంచాలి. తెల్లమచ్చల జబ్బు ఒక్క చేపతో వస్తే అయిదింటినీ తీసుకుపోతుంది. అసలు మొదటి చేపకన్న ముందే తొట్టె నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీగా తిరగాలి. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు రాళ్ళమీద పట్టడానికి ఆ వ్యవధి కావాలి. పెద్ద చేపలు పెద్దగా తింటాయి, పెద్దగా మురికి చేస్తాయి. నీటిలోని జిడ్డును నురుగుగా తీసేసే యంత్రం మామూలుకన్న పెద్దది కావాలి. నీళ్ళలో కొంత భాగం క్రమం తప్పకుండా మార్చాలి. ఆకలిగా, మురికి నీళ్ళలో వున్న చేప ఏ జాతకం చూసినా కాట్లాడుతుంది. మనుషులు మటుకు కాట్లాడరా?

కొనేటప్పుడు ఒక్కటే పరీక్ష చెప్పాను. అంగడివాడిని మేత వెయ్యమనండి, తింటేనే బేరం చెయ్యండి. 1960 ప్రాంతాల్లో ఫిలిప్పీన్స్‌లో చేపలమీద సయనైడు చిమ్మి, మత్తెక్కించి పట్టే పద్ధతి మొదలయింది. ఆ చేప పైకి నిగనిగలాడుతూనే వుంటుంది. లోపల దెబ్బతిని వుంటుంది. తెచ్చిన కొద్దివారాలకు తిండి మాని పోతుంది. ఆ విషం పడిన పగడాలు కూడా చస్తాయి. తినే చేప కాస్త ఖరీదైనా అదే కొనాలి. తెచ్చాక అస్తమానం ఒకే రకం రొయ్యలు వెయ్యగూడదు. కొన్ని రొయ్యల్లోనూ, చేపల్లోనూ బి-1 విటమినును నాశనం చేసే పదార్థం వుంటుంది. నెలల తరబడి అవే తిన్న చేపకు ఆకలి చచ్చిపోతుంది.

ఇంత చెప్పినా నేను పూచీ ఇవ్వలేను. అన్ని పొంతనలూ కుదిరిన దంపతులు కాట్లాడుకోవడం మనం చూడలేదా? ఒకే జాతిలో ఒక చేప శాంతంగా వుంటే దాని చెల్లెలు చండి అవుతుంది. అందుకే రెండో తొట్టె ఎప్పుడూ సిద్ధంగా వుండాలన్నాను. అది లేనివాడు దుడుకు చేపల జోలికి పోగూడదు.

ఇది జరిగి పది నెలలయింది. మోరే, పఫరు, నాసో దిగాయి. ఏంజెలు వేరే తొట్టెలో నాలుగు వారాలూ పూర్తిచేసుకుని కిందటి నెలలో వాటితో చేరింది. మొదటి రెండు రోజులూ నాసో దాన్ని కొంచెం తరిమింది. మూడో రోజున ఎవరి దారి వారిది. పఫరు మా మనమరాలి అడుగుల చప్పుడు గుర్తుపడుతోందని మా అమ్మాయి చెబుతుంది. ఇక ట్రిగ్గరు రావాలి.

మొన్న ఆదివారం ఆ సంగతి మాట్లాడడానికి అల్లుడుగారు వచ్చారు. అంగడిలో మంచి నైజర్ ట్రిగ్గరు వచ్చిందట. ఎదురుగా మేత తిన్నదట. "తెచ్చెయ్యమంటారా, మామయ్యగారూ?" అన్నారు.

"తేవచ్చు. ఒక్క లెక్క మిగిలింది. ఈ చేపలు బాగా చూస్తే పదిహేనేళ్ళు బతుకుతాయి. ఏంజెళ్ళు ఇరవై దాటినవి కూడా వున్నాయి. పదిహేనేళ్ళకు నాకు ఎనభయ్యారు. పిల్లకు ఇరవై నాలుగు. ఏ వూళ్ళో చదువుతుందో, ఏ వూళ్ళో వుద్యోగమో. మీకు బదిలీలున్నాయి. మేత ఎవరు వేస్తారు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక భార్యాభర్తలు ఏం అనుకున్నారో నాకు తెలియదు. మర్నాడు పొద్దున మా అమ్మాయి ఫోను చేసింది.

"నాన్నా, ట్రిగ్గరు వద్దనుకున్నాం. ఈ నాలుగూ చాలు. వీటి మేత నేను నేర్చుకుంటాను. ఆ చిమటాతో మోరేకు ఎల్లా పెట్టాలో వచ్చి చూపించండి" అంది.

రేపు సాయంత్రం వెళుతున్నాను. అది రాత్రి తిండి తినే చేప గనుక భోజనం కూడా అక్కడే చెయ్యమన్నారు.